నిరోష్ఠ్యం అని పెట్టుకుని ‘అమ్మ’ అనొచ్చా?

అరసున్న: పెదవులు కలిపే ప, ఫ, బ, భ, మ లేకుండా, ‘నిరోష్ఠ్యం’ అని పెట్టుకుని, అమ్మ మీద పది ఆటవెలదులు రాశాను. ఎవరూ అడగలేదు, నేనే పెట్టుకున్న నియమం. దిద్దుతూ ఒక పాదం దగ్గర ఇరుక్కున్నాను. మొదట వచ్చింది ఇది: “అలసి నిద్రలేక యమ్మ చూచె”. అమ్మ తీసి తల్లి పెడితే గణం చెడదు, రెండూ హగణాలే (గురువు, లఘువు). యతి పోతుంది, పాదం మొదటి ‘అ’తో ‘త’ కలవదు. దానికోసం “దగ్గి నిద్రలేక తల్లి చూచె” అన్నాను. ఆ రాత్రి మా అమ్మకి దగ్గే లేదు, జ్వరం నాకు! ఈ ఒక్కచోట నియమం వదిలేస్తే తప్పా?

గణాలరాజు: తప్పే. అసలు ‘చూచె’లో ఊకారం ఓష్ఠ్యం, అంటే పెదవులతో పలికేది, కాదా?

అరసున్న: ఉకారాలూ తీసేస్తే డు, ము, వు, లు ప్రత్యయాలన్నీ పోతాయండీ. నేను ప వర్గం వరకే అనుకున్నాను.

గణాలరాజు: వీలైనంత వరకే నియమమా? ఒక పోటీలో నా కందంలో ఆరో గణంగా రాకూడని భగణం పడిందని పద్యమే పక్కన పడేశారు. భావం బాగుందని ఎవరూ జాలిపడలేదు.

వచనప్రియ: వచనంలో రాసుకోండి, గొడవ వదిలిపోతుంది.

తేటగీతి: సంస్కృత కవి దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు ప్రియురాలి పంటిగాట్లతో పెదవులు నొప్పెట్టి, ఓష్ఠ్యాలు లేకుండా కథ చెబుతాడు. అక్కడ కారణం ఉంది. ఇక్కడేముంది?

గణాలరాజు: కారణాలెందుకు? ఇదిగో: “తానె నిద్రలేక తల్లి కాచె”. యతి సరి, ఊకారమూ లేదు. రెండు నిమిషాల పని.

అరసున్న: మీకు రెండు నిమిషాలే, మీ అమ్మ కాదు కదా! ఆ అలసట ఏమైంది? పిలవడానికి అమ్మ లేదనే పెదవులు కలపకుండా రాశాను. పది పద్యాల్లో ఒక్కచోట కలవాలి. అది ఇక్కడే.

గణాలరాజు: క్షమించండి, తెలియదు. కానీ పైన ‘నిరోష్ఠ్యం’ అని మీరే రాశారు. అది నమ్మి అక్షరం అక్షరం పట్టుకుని చదివాను. ఆ మాట తీసేయండి, ఇక నాకు పేచీ లేదు.

అరసున్న: తీసేస్తే ఆ ఒక్కచోట పెదవులు కలిశాయని ఎవరికి తెలుస్తుంది?

గణాలరాజు: అంటే నియమం మాకు చెప్పేది, తప్పేది మీరు!

అరసున్న: అవును.

వచనప్రియ: ఇంతకీ ‘చూచె’ ఉంటుందా, పోతుందా?