అప్‌డేట్: రెండేళ్ల పాపతో గుంటూరు చుట్టుపక్కల తిరిగొచ్చాం

వానలు తగ్గాక నడక కొత్తగా వచ్చిన పాపను ఊరి బయట ఎక్కడ తిప్పాలని దసరా ముందు అడిగాను కదా, ఎక్కువమంది ఉప్పలపాడు పక్షుల కేంద్రం అన్నారు, కొందరు ఉండవల్లి గుహలన్నారు. మీ అందరికీ పేరుపేరునా థాంక్స్.

ఉప్పలపాడు మాత్రం అద్భుతం. సాయంత్రం వెళ్లండి, మేతకెళ్లిన పక్షులు తిరిగొచ్చే వేళ చెరువు మధ్య చెట్లన్నీ గూడబాతులతో (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలతో కిక్కిరిసిపోతాయి, ఆ అరుపులకు పాప మొదట మా ఆయన మెడ పట్టుకుని వదల్లేదు కానీ కాసేపటికి ఒక గూడబాతు ముక్కు కింద సంచి ఊగుతుంటే చూసి తన గడ్డం కింద చెయ్యి పెట్టి తడుముకుంది! రెట్టల వాసన ఉంటుంది, పిల్లలకు అదేం పట్టదు. దోమలకు మాత్రం పొడుగు చేతుల చొక్కా వెయ్యండి.

ఉండవల్లిలో అన్నీ మెట్లే, స్ట్రోలర్ దండగ, చంకనెత్తుకోవాల్సిందే. పైన ఏకశిలలో పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూసి "సామి జో" అని గుసగుసగా చెప్పింది.

కార్తీక వనభోజనాలకు మా అత్తగారి ఊళ్లో ఉసిరిచెట్టు కింద పెరుగన్నం మారాం లేకుండా తింది, ఇంట్లో ఎప్పుడూ తినదు. కొండవీడుకు ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి వచ్చే నెల అక్కడికే.