అప్‌డేట్: లంబసింగిలో టెంట్ వేసుకుని ఉండి వచ్చాం

డిసెంబర్ చలిలో పిల్లలతో, అమ్మతో లంబసింగిలో టెంట్‌లో ఉండొచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. అందరికీ థాంక్స్. ముఖ్యంగా కప్పుకునే దుప్పటి కన్నా కింద పరుచుకునేది మందంగా ఉండాలన్నవారికి. దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, నేల చలి తిన్నగా ఎముకల్లోకి వస్తుంది.

అర్ధరాత్రి దాటాక పాప లేచి "నాన్నా, వాన పడుతోంది" అంది. ముఖాల మీద నిజంగానే చుక్కలు! మా ఆవిడ కంగారుగా బ్యాగులన్నీ మధ్యకి లాగేసింది. బయట చూస్తే వాన లేదు, ఒట్టి మంచే. జిప్పులన్నీ వేసి ఉండటంతో మా ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకి తగిలి నీళ్లై కారుతోంది. పై కిటికీ కాస్త తెరిచాక తగ్గింది. టెంట్ తీసుకునేటప్పుడు అది ఉందో లేదో తప్పకుండా చూడండి.

పక్కవాళ్లు బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోమన్నారు. నేను అస్సలు ఒప్పుకోలేదు. మూసిన టెంట్‌లో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరితే వాసన కూడా రాదు, నిద్రలోనే ప్రాణాలు పోతాయి. పిల్లలున్నవాళ్లు దయచేసి ఆ పని చేయకండి.

అమ్మకి మాత్రం పొద్దున్నే మోకాళ్లు పట్టేశాయి. ఈసారి ఆవిడకి దగ్గర్లోనే గది తీసుకుంటాం.