చెవి గార్డు ఎంత బిగించినా జారిపోతోంది, ఎవరైనా చెప్పండి

తోటపాలెం అన్నయ్య: మధ్యాహ్నం నుంచి ఇదే పని. కుస్తీ నేర్చుకుంటున్న మా తమ్ముడికి చెవి గార్డు తెప్పించాను. నాలుగు పట్టీలున్నాయి. నెత్తి మీది పట్టీ బిగిస్తే గడ్డం కింది పట్టీ వదులవుతోంది, దాన్ని బిగిస్తే కప్పు చెంప మీదికి దిగుతోంది. వాడు తల తిప్పగానే మొత్తం కళ్ల మీదికి వచ్చేస్తోంది. ఎలా పెట్టుకోవాలో చెప్పే కాగితం ముక్క కూడా పెట్టెలో లేదు. ఎల్లుండి నుంచి విజయనగరంలో శిక్షణ శిబిరం. డబ్బులు దండగ చేశానని అమ్మ సణుగుడు వేరే.

గంట్యాడ: తలకు నూనె ఉందా?

తోటపాలెం అన్నయ్య: ఉండదా మరి? అమ్మ రోజూ కొబ్బరినూనె రాస్తుంది.

గంట్యాడ: తలంటుకుని, ఆరాక చూడండి.

పాత వ్యాయామ మాస్టారు: ఈ పట్టీల గోల అంతా మ్యాట్లు వచ్చాక పుట్టిందే నాయనా. మా రోజుల్లో గోదా మట్టిని జల్లించి, పసుపు, నూనె, మజ్జిగ కలిపి మెత్తగా చేసేవారు. పడినా దెబ్బ తెలిసేది కాదు. కోడి రామ్మూర్తి నాయుడు గారు శ్రీకాకుళం జిల్లా వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, సర్కస్ పెట్టి దేశదేశాలు తిరిగారు. ఆయన చెవి గార్డు పెట్టుకున్నారా? ముందు దండీలు, బస్కీలు తీయించండి. మెడ గట్టిపడితే చెవి దానంతట అదే బాగుంటుంది.

మ్యాట్ పక్కన: మాస్టారూ, మట్టిలో ఆడిన పహిల్వాన్ల చెవులు ఎప్పుడైనా చూశారా? మ్యాట్ ఒక్కటే కాదు, అవతలివాడి తల రాపిడి కూడా చెవిని దెబ్బతీస్తుంది. మెడ ఎంత లావైతే మాత్రం ఏం లాభం?

అన్నయ్య గారూ, పట్టీలన్నీ వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి. చెవి ఎక్కడా మడత పడకుండా కప్పు గుంటలో పూర్తిగా కూర్చోవాలి. ముందు తల వెనక పట్టీని బాగా కిందికి, ఎముక ఉబ్బుకు దిగువన బిగించండి. జారేది ఎక్కువగా అక్కడే. తర్వాత నెత్తి, నుదురు, చివరికి గడ్డం. రెండు చేతులతో ముందుకీ వెనక్కీ తోసి చూడండి. అంతర్జాతీయ పోటీల్లో లోహం, గట్టి డిప్పలు లేని గార్డులనే ఒప్పుకుంటారు, అదీ చూసుకోండి. తల పట్టులో ఇరుక్కున్నప్పుడు బలంగా లాక్కోవద్దని తమ్ముడికి చెప్పండి. సగం చెవులు అక్కడే పాడవుతాయి.

తోటపాలెం అన్నయ్య: తలంటాక జారడం చాలా తగ్గింది. కానీ ఎడమ కప్పు తగిలితే అరుస్తున్నాడు. ఆ చెవి ఎలాగూ వాచి ఉంది కదా, అందుకేనేమో.

ఆమదాలవలస నర్సు: వాచి ఉందా? ఆ మాట ఇప్పుడా చెప్పేది! ఎప్పటి నుంచి?

తోటపాలెం అన్నయ్య: గురువారం నుంచి. వాపు వచ్చాకే కదా గార్డు కొన్నది. పై మడత దగ్గర ద్రాక్షపండంత ఉంది. నొక్కితే మెత్తగా నీళ్లున్నట్టు ఉంటుంది.

ఆమదాలవలస నర్సు: అది రక్తం అయి ఉంటుంది. చెవిలోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు, పైన అంటుకుని ఉండే పొరే దానికి ఆధారం. రాపిడికి ఆ పొర ఊడి, మధ్యలో రక్తం చేరుతుంది. అలాగే వదిలేస్తే లోపల గట్టి కణజాలం పెరిగి చెవి శాశ్వతంగా ముద్దలా అయిపోతుంది. వారం, పది రోజులు దాటితే సూదితో లాగినా రాదు. మీకు ఇప్పటికే నాలుగో రోజు. గార్డు తీసేసి, పొద్దున్నే చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. రక్తం తీసి, మళ్లీ నిండకుండా చెవికి రెండు వైపులా ఒత్తుగా కట్టు వేస్తారు. అది ఉన్నన్నాళ్లు కుస్తీ లేదు.

పట్టు పట్టేవాడు: ఇంత హడావుడి ఎందుకండీ. మేమైతే సిరంజితో మేమే లాగేసుకుంటాం. ముద్ద చెవి లేనివాణ్ణి పహిల్వాన్ అని ఎవరూ అనరు.

ఆమదాలవలస నర్సు: ఇంట్లో సూది గుచ్చి, చీము పట్టించుకుని వచ్చినవాళ్లకు కట్లు కట్టాను. చీము చేరితే మృదులాస్థి కరిగిపోతుంది బాబూ. అప్పుడు ముద్ద కూడా మిగలదు.

గంట్యాడ: మాస్టారూ, వీరఘట్టం ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో లేదు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యంలో కలిసింది.

పాత వ్యాయామ మాస్టారు: ఆయన పుట్టినప్పుడు మన్యం జిల్లా ఉందా? ఆయన పేరున్న స్టేడియం శ్రీకాకుళంలో ఉంది.

గంట్యాడ: ఆయన పుట్టినప్పుడు శ్రీకాకుళం జిల్లా కూడా లేదు. అది 1950లో వచ్చింది.

తోటపాలెం అన్నయ్య: సరేనండీ, రేపు ఆసుపత్రికి తీసుకెళ్తాను. శిబిరం సంగతి వాడికి ఇంకా చెప్పలేదు. థాంక్స్.

మ్యాట్ పక్కన: గార్డు అమ్మేయకండి, చెవి మానాక కావాలి.

పాత వ్యాయామ మాస్టారు: మరి విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న ఆయన విగ్రహాన్ని ఏ జిల్లా లెక్కలో వేస్తారో గంట్యాడ వారే చెప్పాలి.