అమెరికా అంతర్యుద్ధంలో నర్సుల జీతం: రోజుకు 40 సెంట్లు ఎవరికి అందాయి?

నర్సింగ్ విద్యార్థిని:
1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో సైనిక ఆసుపత్రులు ఎలా నడిచాయన్న అంశంపై మా కళాశాల సెమినార్‌లో మాట్లాడవలసి ఉంది. ఉత్తరాది (అంటే కేంద్ర) ప్రభుత్వం నర్సులకు రోజుకు 40 సెంట్లు ఇచ్చిందని ఒకచోట, చాలామందికి పైసా కూడా ముట్టలేదని మరొకచోట చదివాను. ఈ రెండింటిలో ఏది నిజం? శిక్షణ లేని ఆ రోజుల్లో ఏం చూసి స్త్రీలను ఉద్యోగంలోకి తీసుకునేవారు?

చరిత్ర అధ్యాపకుడు:
రెండూ నిజమేనమ్మా. 1861 జూన్‌లో యుద్ధశాఖ డొరోథియా డిక్స్‌ను మహిళా నర్సుల పర్యవేక్షకురాలిగా నియమించింది. ఆవిడ జీతం లేకుండానే యుద్ధం ముగిసేదాకా ఆ పని చేశారు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చేసిన చట్టం నర్సుకు రోజుకు 40 సెంట్లు, ఒక రేషన్ (ఒక మనిషికి రోజుకు సరిపడే ఆహారం) ఖరారు చేసింది. అంటే నెలకు 12 డాలర్లు. మామూలు సిపాయి జీతం అప్పుడు 13 డాలర్లు కనుక తేడా ఒక్క డాలరే అనిపిస్తుంది గానీ, 1864లో సిపాయి జీతం 16 డాలర్లయినా నర్సు జీతం ఉన్నచోటే ఉండిపోయింది.

ఎంపిక విషయానికి వస్తే, 1862 జూలైలో వెలువడిన ఉత్తర్వు చదవదగ్గది. వయసు 35కు తగ్గకూడదు, 50 దాటకూడదు. నడవడికకు పూచీగా ఇద్దరి ధ్రువపత్రాలు కావాలి. గోధుమ, బూడిద, నలుపు రంగుల సాదా దుస్తులే వేసుకోవాలి, నగలు, అలంకారాలు పనికిరావు. నైటింగేల్ పద్ధతి శిక్షణ పాఠశాలలు అమెరికాలో 1873లో గానీ మొదలుకాలేదు కనుక, చదువుకు బదులు వయసునూ గాంభీర్యాన్నీ కొలమానం చేసుకున్నారన్నమాట. ఆసుపత్రుల వైద్యులకు తమ మీద ఇంకొకరు నర్సులను నియమించడం రుచించలేదు. 1863 అక్టోబరు ఉత్తర్వుతో సైనిక వైద్యశాఖ అధిపతి అయిన సర్జన్ జనరల్‌కూ నియామకాధికారం దక్కాక డిక్స్ మాటకు బలం తగ్గింది.

పాత రికార్డులు చదివే సభ్యురాలు:
అధ్యాపకులవారు చెప్పినది చట్టం సంగతి. జీతం ముట్టిందా లేదా అన్నది మాత్రం ఆసుపత్రి పుస్తకంలో ఆ మనిషి పేరు పక్కన ఏ ఉద్యోగం రాశారన్నదాన్ని బట్టి ఉండేది. ఉత్తరాది ఆసుపత్రుల్లో పనిచేసిన 20,000కు పైగా స్త్రీలలో నర్సులుగా నమోదైనవారు కొద్దిభాగమే. మిగతావారు మేట్రన్లు (వార్డుల బాగోగులు చూసే పర్యవేక్షకురాళ్లు), వంటవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు. నల్లజాతి స్త్రీలు ఎక్కువగా ఈ చివరి రెండు వరుసల్లోనే కనిపిస్తారు. 1864 జనవరి ఉత్తర్వు నల్లజాతివారిని వంటకూ నర్సు పనికీ తీసుకోవచ్చని చెబుతూనే, జీతం నెలకు 10 డాలర్లని తేల్చింది. పని ఒకటే అయినా రెండు డాలర్లు కోత!

జార్జియాలో బానిసగా పుట్టిన సూసీ కింగ్ టేలర్ ఒక నల్లజాతి పటాలం వెంట నాలుగేళ్లకు పైగా ఉండి, గాయపడినవారికి సేవ చేసి, సిపాయిలకు చదువు కూడా చెప్పింది. ఆమె పేరు బట్టలు ఉతికే మనిషిగా నమోదైంది. ఆ నాలుగేళ్లకు ఒక్క డాలరు కూడా అందలేదు. మీ సెమినార్‌లో జీతాల పట్టిక పెట్టేటట్లయితే, వంటవాళ్ల వరుసనూ ఉతికేవాళ్ల వరుసనూ దయచేసి వదిలిపెట్టకండి.

నర్సింగ్ విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. దక్షిణాదిలో, అంటే విడిపోయిన బానిస రాష్ట్రాల్లో, పరిస్థితి ఏమిటి? యుద్ధం తరువాత వీరికి పింఛను వచ్చిందా?

చరిత్ర అధ్యాపకుడు:
దక్షిణాది 1862 సెప్టెంబరు చట్టం అంకెల్లో ఉదారమైనదే: ప్రధాన మేట్రన్‌కు నెలకు 40 డాలర్లు, సహాయ మేట్రన్‌కు 35, వార్డు మేట్రన్‌కు 30, నర్సులకు 25 వరకు. అయితే అక్కడి కాగితపు డబ్బు విలువ నెలనెలా పడిపోవడంతో ఆ జీతానికి సరుకులు రాలేదు. బానిసలను అద్దెకు తీసుకున్నచోట కూలి యజమానికే చెల్లించారు.

పాత రికార్డులు చదివే సభ్యురాలు:
పింఛను చట్టం 1892 ఆగస్టులో గానీ రాలేదు. కనీసం ఆరు నెలలు పనిచేసి, తమను తాము పోషించుకోలేని స్థితిలో ఉన్న నర్సులకు నెలకు 12 డాలర్లు ఇచ్చారు. ముప్ఫయ్యేళ్ల క్రితపు జీతం అంతేనని గమనించండి. సరైన అధికారి నియమించినట్లు రుజువు కావాలన్నారు కనుక వంటవాళ్లు, ఉతికేవాళ్లు మళ్లీ బయటే మిగిలారు. బానిసత్వం నుంచి తప్పించుకుని ఎందరినో విడిపించి, యుద్ధంలో నర్సుగానూ పనిచేసిన హ్యారియెట్ టబ్‌మన్ సైతం భర్త సైనిక సేవ వల్ల వచ్చిన 8 డాలర్ల వితంతు పింఛనుతో సరిపెట్టుకోవలసి వచ్చింది; ఆమె కోసం కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి, నర్సు సేవను లెక్కలోకి తీసుకుని, దాన్ని 20 డాలర్లకు పెంచింది 1899లో.