అప్‌డేట్: లండన్ ఒప్పందంలో ఆ రెండో సోవియట్ సంతకం ఎవరిదో తెలిసింది

గత వారం ఇక్కడ ఒక సందేహం అడిగాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణకు పునాది వేసిన 1945 ఆగస్టు 8 నాటి లండన్ ఒప్పందంలో సోవియట్ తరఫున జడ్జి నికిచెంకో పేరు కింద ‘ఎ. ట్రైనిన్’ అని ఇంకో పేరు ఉంది, ఆయన ఎవరని. దారి చూపించిన అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

ఆయన ఆరాన్ ట్రైనిన్. 1883లో పుట్టారు, మాస్కోలో క్రిమినల్ లా ప్రొఫెసర్. హిట్లర్ మనుషుల నేర బాధ్యత మీద 1944లో పుస్తకం రాశారు. దురాక్రమణ యుద్ధం మొదలుపెట్టడమే నేరమని, దానికి దేశాన్ని కాదు, నడిపించిన మనుషుల్ని బోనెక్కించాలని అందులో వాదించారు. మరుసటి ఏడాదే అది ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఒప్పందంతో పాటు వచ్చిన చార్టర్‌లో (ఆ కోర్టు నియమావళిలో) ఆరో ఆర్టికల్ తీసి చూడండి: నేరాల జాబితాలో ‘శాంతికి వ్యతిరేకంగా నేరాలు’, అంటే దురాక్రమణ యుద్ధానికి దిగడం లాంటివి, అన్న మాటే మొదట కనిపిస్తుంది. ఆ మాట చదివాక నాకు నిజంగా ఒళ్లు జలదరించింది.

ఒక్క విషయం మాత్రం మింగుడుపడలేదు. ఆ పుస్తకానికి సంపాదకుడు విషిన్‌స్కీ, 1930ల్లో స్టాలిన్ నడిపించిన మాస్కో బూటకపు విచారణల్లో ఎంతోమందిని మరణశిక్షకు పంపిన ప్రాసిక్యూటర్. అయినా ఆ ఆలోచన విలువ తగ్గదనే నా అభిప్రాయం.

న్యూరెంబర్గ్‌లో జడ్జిగా కూర్చున్నది నికిచెంకో. ట్రైనిన్ 1957లో చనిపోయారు. నా సెమినార్ పేపర్ ఇప్పుడు ఆయన మీదే రాస్తున్నాను.