ఒకటే ఫోన్, ఇద్దరు పిల్లలు, ఒకే టైంలో ఆన్‌లైన్ క్లాసులు: స్కూల్‌ని ఏమని అడగాలి?

ప్రశ్న (ఇద్దరు పిల్లల తల్లి)

మా పిల్లల స్కూల్లో వారానికి రెండు రోజులు ఇంటి నుంచే క్లాసులు అన్నారు. పెద్దది ఏడో తరగతి, చిన్నోడు మూడు. ఇద్దరికీ తొమ్మిదింటికే లైవ్, ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్. పెద్దదాన్ని కూర్చోబెడితే చిన్నోడికి ఆబ్సెంట్ పడుతోంది, ఈ నెలలో ఐదు వేశారు, వాడేమో పుస్తకం ముందేసుకుని ఇంట్లోనే కూర్చుని ఉన్నాడు. పేరెంట్స్ గ్రూపులో చెబితే సగం మంది లైవ్ క్లాసులు ఇంకా పెంచమంటున్నారు. వచ్చే వారం మీటింగ్ ఉంది, ఏం అడిగితే పని జరుగుతుంది?

జవాబు (టీచర్)

ముందు హాజరు సంగతి అడగండమ్మా. లైవ్‌లో కనబడితేనే హాజరు అన్నంత కాలం మీ చిన్నోడికి న్యాయం జరగదు. కోవిడ్‌లో మేమూ అదే తప్పు చేశాం. 2020లో బడులు మూసినప్పుడు ప్రపంచంలో కనీసం 46.3 కోట్ల మంది పిల్లలకు ఆన్‌లైన్, టీవీ, రేడియో ఏ రకంగానూ పాఠం అందే వీలు లేదని యూనిసెఫ్ లెక్క తేల్చింది. నా క్లాసులో అలాంటివాళ్లు ఎవరో నాకు రెండు నెలలకు గానీ తెలియలేదు.

తర్వాత ప్రతి ఇంటికీ ఫోన్ చేసి అడిగాం: ఎన్ని ఫోన్లున్నాయి, ఎప్పుడు ఖాళీ, పక్కన కూర్చునే పెద్దవాళ్లు ఉన్నారా అని. దాన్ని బట్టి లైవ్‌ని అరగంటకు తగ్గించి డౌట్లకే ఉంచాం, పాఠం మాత్రం పది నిమిషాల రికార్డింగ్, వీలైనప్పుడు చూసుకోవచ్చు. నెట్ కష్టమైతే ఆడియో ఒక్కటే పంపేవాళ్లం, దానికి డేటా చాలా తక్కువ. అదీ కుదరకపోతే ప్రింట్ తీసిన వర్క్‌షీట్లు. నోట్‌బుక్ ఫొటో పంపినా, కాగితం చేతికిచ్చినా హాజరే. ఒకే ఇంటి పిల్లల లిస్టు తీసి వాళ్ల టైంటేబుల్ ఒకదాని మీద ఒకటి పడకుండా మార్చాం, ఇదైతే ఒక్క సాయంత్రం పని, కుదరదంటే ఒప్పుకోకండి.

జవాబు (ఎనిమిదేళ్ల బాబు తండ్రి)

లైవ్ పెంచమని మా స్కూల్లో అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, రికార్డింగ్ పంపేస్తే పక్కన కూర్చుని చూపించేదెవరు? టీచర్ పేరు పెట్టి పిలిస్తే తప్ప మా వాడు పెన్సిల్ పట్టడు. రికార్డింగ్ అంటే బరువంతా అమ్మానాన్నల మీద వేయడమే అండీ.

జవాబు (టీచర్)

నిజమే, చిన్న తరగతుల్లో మరీను. అందుకే ఐదారుగురిని ఒక గ్రూపు చేసి ఇరవై నిమిషాలు మాట్లాడాలి, నలభై మంది ఉన్న గంట క్లాసులో కంటే మీ వాడి పేరు ఎక్కువసార్లు వినబడుతుంది. ఆస్ట్రేలియాలో బడికి దూరంగా ఉండే పిల్లల కోసం 1951లో రేడియో మీద మొదలైన స్కూల్ ఆఫ్ ది ఎయిర్‌లో కూడా టీచర్‌తో మాట్లాడేది కొద్దిసేపే, మిగతా చదువు పోస్టులో వచ్చిన పాఠాలతోనే సాగేది. పొద్దున ఒక గ్రూపు, సాయంత్రం ఒకటి పెడితే మీ ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండే వేళ దొరకొచ్చు. కాకపోతే ఆ సాయంత్రం గంటల్ని స్కూల్ టీచర్ల పనిగంటల్లో కలపాలి, లేదంటే రెండు వారాలకే ఆగిపోతుంది.

జవాబు (ఒక అమ్మ)

మా పాపకి వినికిడి తక్కువ, మిషన్ పెట్టుకుంటుంది. లైవ్‌లో నలుగురు ఒకేసారి మాట్లాడితే ఏమీ అర్థం కాక ఏడ్చేది. రికార్డింగ్‌లో టీచర్ పెదాలు చూసుకుంటూ, ఆపుకుంటూ వింటుంది. దయచేసి మీటింగ్‌లో ఇలాంటి పిల్లల గురించి కూడా ఒక మాట వేయండి.

ప్రశ్న అడిగిన తల్లి

తప్పకుండా చెప్తానండీ. హాజరు, టైంటేబుల్ రెండూ కాగితం మీద రాసుకుని వెళ్తాను. మా ఇంట్లో ఒక్క ఫోనే అని అందరి ముందూ చెప్పాలంటే మాత్రం మా పెద్దది బాధపడుతోంది.

జవాబు (టీచర్)

అందరి ముందూ ఎందుకమ్మా, క్లాస్ టీచర్‌కి ముందు రోజే విడిగా ఫోన్ చేసి చెప్పండి. మీటింగ్‌లో టైంటేబుల్ మార్చమని అడిగితే చాలు.