బడి, గ్రౌండ్, మధ్యలో కెమెరా: టైమ్ ఎలా కుదుర్చుకోవాలి?

పగలు స్కూల్లో లెక్కలు చెబుతాను, సాయంత్రం పిల్లలకు వాలీబాల్ కోచింగ్. ఫొటోగ్రఫీ అంటే ప్రాణం. చిక్కేమిటంటే, మంచి వెలుతురుండే పొద్దుటి గంట స్కూలుకు తయారవడంలో, సాయంత్రపు గంట గ్రౌండ్‌లో పోతున్నాయి. మిగిలేది ఇండోర్ కోర్టు. అక్కడ స్మాష్ కొట్టే చెయ్యి చెదరకుండా పడాలంటే షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు (1/1000) దగ్గర పెట్టాలి. దాంతో వెలుతురు చాలక ఐఎస్ఓ (ఫొటోను వెలుగుగా చూపించే కెమెరా సెట్టింగ్) 6400 దాటి ఫొటో అంతా గింజలు గింజలుగా వస్తోంది. వెలుతురు ఎక్కువగా లోపలికి వదిలే ఎఫ్/1.8 ఉన్న 85 ఎంఎం లెన్స్ కొంటే తేడా తెలుస్తుందా? పైగా ప్రాక్టీస్ నడుస్తుంటే కోచ్ కెమెరా పట్టుకుని నిలబడటం నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది. రా ఫైళ్ల (కెమెరా మార్పులు చేయకుండా ఇచ్చే ముడి ఫొటోల) ఎడిటింగ్ సరేసరి, సెలవులకే. ఉద్యోగం మానే ఉద్దేశం మాత్రం లేదు. మీలో టీచర్లెవరైనా ఉంటే, ఫొటోలకు వేళ ఎలా చిక్కించుకుంటున్నారో కాస్త చెప్పరూ?